చివరి రోజు కాదు, ఆరు నెలల తర్వాత మా ఇళ్లకొచ్చి అడగండి

ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో నైపుణ్య శిక్షణ కోర్సులకు అనుమతులిచ్చే, వాటిని తనిఖీ చేసే, బిల్లులు పాస్ చేసే అధికారులందరికీ,

నమస్కారం. మాది కాశీనగర్ పక్కన వంశధార ఒడ్డు పల్లె. పదిహేనేళ్లుగా బట్టలు కుడుతున్నాను. మధ్యలో నాలుగేళ్లు ఒక శిక్షణ కేంద్రంలో కుట్టు టీచరుగా కూడా చేశాను. ఆ కేంద్రం పేరు ఇక్కడ రాయను, వాళ్ల మీద ఫిర్యాదు చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. ఒక కోర్సు అనుకున్న పని చేసిందా లేదా అని మీరు తేల్చుకునే పద్ధతి ఉంది చూశారా, దాని గురించి రాస్తున్నాను. ఆ పద్ధతిలో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి ముందు నా సంగతే చెప్తాను.

మూడు నెలల కోర్సు అయిపోయే రోజు పొద్దున్నే ఫీడ్‌బ్యాక్ కాగితాలు వచ్చేవి. ఒకవైపు ఒడియా, ఒకవైపు ఇంగ్లీషు. టీచర్ బాగా చెప్పారా, సామాను సరిపోయిందా, కోర్సు ఉపయోగపడిందా, ఇలా పది ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు గడులు. మా పిల్లల్లో సగం మంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. బడిలో ఒడియా చదివినా, ఆ కాగితంలో ఉండే ఒడియా ఆఫీసు ఒడియా, అది చదివి వెంటనే అర్థం చేసుకోవడం అందరివల్లా కాదు. కొండ మీద నుంచి వచ్చిన సవర తెగ పిల్లలకైతే మరీ కష్టం, వాళ్ల ఇంటి భాష వేరే. "టీచర్, ఎక్కడ టిక్కు పెట్టాలి?" అని అడిగేవాళ్లు. నేను ఐదో గడి చూపించేదాన్ని. బయట ఫోటోలు తీయడానికి మనుషులు వచ్చి నిలబడి ఉంటారు, సర్టిఫికెట్లు బల్ల మీద ఉంటాయి, భోజనాలు చల్లారిపోతుంటాయి, ఆ టెన్షన్‌లో అదే తేలికగా అనిపించేది. అలా నా ఆఖరి బ్యాచ్‌లో 27 మందికి 27 మందీ ఐదో గడిలోనే టిక్కు పెట్టారు. రిపోర్టులో మా కోర్సుకి నూటికి నూరు వచ్చింది.

ఎనిమిది నెలలు గడిచాక, మాఘమాసం పెళ్లిళ్లప్పుడు, ఆ 27 మందిలో ఒక అమ్మాయి మా ఇంటికొచ్చింది. చేతిలో పట్టు గుడ్డ, లైనింగు, ఒక ఆది జాకెట్టు. అక్క పెళ్లట. జాకెట్టు కుట్టి పెట్టమంది. నువ్వే కుట్టుకోవచ్చు కదమ్మా అన్నాను. అడిగినందుకు ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. "ఆది జాకెట్టు చూసి కట్ చేయడం నాకు రాదు టీచర్. గుడ్డ పాడైపోతే అమ్మ ఊరుకోదు" అంది. సర్టిఫికెట్ లామినేషన్ చేయించి గోడకి తగిలించారని వాళ్ల అమ్మే తర్వాత చెప్పింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్ల తెలివితక్కువది కాదు, క్లాసు ఎగ్గొట్టలేదు, బాబిన్ దారం తెగితే అందరికన్నా ముందు సరిచేసేది. మరి ఎందుకు రాలేదు? ఎందుకంటే మేము నేర్పింది సూయింగ్ మిషన్ ఆపరేటర్ కోర్సు. ఫ్యాక్టరీలో కరెంటు మిషను మీద, ఇంకొకరు కత్తిరించి ఇచ్చిన ముక్కలని, గీత తప్పకుండా, వేగంగా, గంటకి ఇన్ని అని లెక్కగా కుట్టే పని. కాలరు అతకడం, కఫ్ అతకడం, సైడు కుట్టు వేయడం. ఒక మనిషి ఒంటికి కొలతలు తీసి, చంక దగ్గర ఎంత వదలాలి, టక్కు ఎక్కడ పడాలి, లైనింగు ముందు తడపాలా వద్దా అన్నది ఆ కోర్సులో లేదు. సొంతంగా టైలరింగ్ చేసుకునేవాళ్లకి వేరే కోర్సు ఉంది, అది కూడా మీ జాబితాలోనే ఉంది. మా బ్యాచ్‌కి ఇచ్చింది మొదటిది. వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది అనుకున్నది రెండోది. ఇంట్లో కూర్చుని నాలుగు జాకెట్లు కుట్టుకుంటే సంక్రాంతికి ఎవరినీ చెయ్యి చాచి అడగక్కర్లేదు అనుకుని వచ్చారు. చేరిన రోజు "నువ్వెందుకు వచ్చావమ్మా" అని వాళ్లని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

అందుకే ఒక నోటుపుస్తకం కొనుక్కుని ఇళ్లకు తిరగడం మొదలుపెట్టాను. నాకెవరూ చెప్పలేదు, డబ్బులూ ఇవ్వలేదు. ఆదివారాలు, పండగ సెలవులు చూసుకుని తిరిగితే 27 ఇళ్లలో 21 దొరికాయి. నలుగురు అమ్మాయిలు తిరుప్పూరులో పనిలో ఉన్నారు, వాళ్ల అమ్మల ఫోన్లలో వాళ్లతో మాట్లాడాను. ఆరుగురు పనికి వెళ్లి తిరిగొచ్చేశారు. ముగ్గురు ఇంటి దగ్గర కుడుతున్నారు. మిగతా ఎనిమిది మంది కుట్టు జోలికే పోలేదు, కొందరు జీడిపిక్కల పనికి వెళ్తున్నారు, కొందరికి పెళ్లయింది, ఒకమ్మాయి పాతపట్నంలో బట్టల కొట్లో నిలబడుతోంది.

ఇంటి దగ్గర కుడుతున్న ఆ ముగ్గురి గురించి కొంచెం ఆగి చెప్పాలి. కాగితం మీద వీళ్లు మా కోర్సు విజయాలు. కానీ ఇద్దరికి కోర్సులో చేరకముందే కుట్టు వచ్చు. ఒకమ్మాయి పిన్ని దగ్గర నేర్చుకుంది, ఇంకో అమ్మాయి ఇంట్లో అప్పటికే తొక్కుడు మిషను ఉంది. మేము నేర్పి మార్చింది ఒక్కరిని. ఈ తేడా మీ లెక్కల్లో ఎక్కడా కనిపించదు, ఎందుకంటే మొదటి రోజు ఎవరికి ఏం వచ్చో చూడం. వడ్లు కొలవకుండా మిల్లుకు పంపి, వచ్చిన బియ్యం చూసి లాభమో నష్టమో ఎలా చెప్తాం? చేరిన రోజే ఒక గుడ్డముక్క ఇచ్చి ఏం చేయగలవో చేసి చూపించమని చెప్పి, దాని మీద పేరు, తేదీ రాసి దాచిపెడితే చాలు. అరపూట పని.

టీచర్లకు ఇచ్చిన ఒక శిక్షణలో నాకు కిర్క్‌పాట్రిక్ అనే పేరు చెప్పారు, ఒక స్లయిడు చూపించి వదిలేశారు. ఆ ఇళ్లన్నీ తిరిగి వచ్చాక అది గుర్తొచ్చి దాని గురించి చదివాను. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా పనిచేశాడు. శిక్షణ ఎలా పనిచేసిందో చూడడానికి నాలుగు మెట్లు ఉంటాయని 1959లో రాశాడు. నేర్చుకున్నవాళ్లకి నచ్చిందా అన్నది మొదటి మెట్టు. నిజంగా నేర్చుకున్నారా అన్నది రెండోది. పనిలోకి వెళ్లాక ఆ నేర్చుకున్నది వాడుతున్నారా అన్నది మూడోది. దానివల్ల చివరికి ఏం మారింది అన్నది నాలుగోది. ఇంత సులువైన విషయం మీ అందరికీ తెలిసే ఉంటుంది, నాకన్నా బాగా తెలిసి ఉంటుంది. మరి మన జిల్లాల్లో మనం ఎన్నో మెట్టు మీద ఆగిపోయాం? ఫీడ్‌బ్యాక్ కాగితం మొదటి మెట్టు, అది కూడా నేను గడి చూపిస్తే పెట్టిన టిక్కు. రెండోదానికి బయట నుంచి ఒక అసెస్సరు వచ్చి ఒక్క రోజులో 27 మందిని చూసి వెళ్తారు. ఆయన అడిగే ప్రశ్న ముందు ఒడియాలో వస్తుంది, మా పిల్ల దాన్ని మనసులో తెలుగు చేసుకుని, జవాబు తెలుగులో తట్టి, మళ్లీ ఒడియాలోకి మార్చి చెప్పేలోపు ఆయన తర్వాతి పేరు పిలుస్తారు. అక్కడ కొలిచింది కుట్టునా, ఒడియానా? మూడో మెట్టు, నాలుగో మెట్టు ఎక్కడానికి మా పల్లెలకి ఎవరూ రాలేదు.

ప్లేస్‌మెంట్ చూస్తున్నాం కదా అంటారు. చూస్తున్నారు, కాదనను. పల్లెల్లోని యువతకి పని నేర్పే కేంద్ర పథకం, 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్ యోజనలో శిక్షణ ఇచ్చినవాళ్లలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలన్న నిబంధన ఉంది. మంచి ఉద్దేశంతోనే పెట్టారు, లేకపోతే సర్టిఫికెట్ చేతిలో పెట్టి దులిపేసుకుంటారు. అయితే డబ్బు ఒక అంకెకి ముడిపడితే అందరి కళ్లూ ఆ అంకె మీదే ఉంటాయి. పలాసలో రైలెక్కించిన రోజు మా ఆరుగురు అమ్మాయిలూ ఉద్యోగం వచ్చినవాళ్లే. వాళ్లు ఎందుకు తిరిగొచ్చారో రాసుకోవడానికి ఏ ఫారంలోనూ గడి లేదు. నా నోటుపుస్తకంలో ఉంది. ఒకమ్మాయికి హాస్టల్ తిండి పడలేదు, కడుపునొప్పితో పది రోజులు పనికి పోలేకపోయింది. ఇద్దరికి సూపర్‌వైజరు అరవంలో ఏం చెప్తున్నాడో తెలిసేది కాదు, తప్పు కుట్టు పడితే విప్పి మళ్లీ కుట్టాలి, టార్గెట్ దాటదు. ఒకమ్మాయికి అమ్మ జబ్బు పడింది. ఒకమ్మాయి రాత్రి షిఫ్టు అని ముందు చెప్పలేదు అంది. ఇంకో అమ్మాయి కారణం చెప్పలేదు, నేను గుచ్చి అడగలేదు.

వీటిలో కుట్టు నేర్పడంలో లోపం ఎక్కడుంది? దాదాపు లేదు. ఆ అమ్మాయిలకి మిషను బాగానే వచ్చు. మూడు నెలల్లో ఒక వారం పనికొచ్చే అరవం మాటలు నేర్పి, జీతం కాగితం చదవడం నేర్పి, హాస్టల్ ఎలా ఉంటుందో అక్కడ పనిచేసి వచ్చిన అమ్మాయి చేతే చెప్పించి ఉంటే కొందరైనా నిలబడేవాళ్లు. తిరిగొచ్చినవాళ్లని అడిగితేనే ఇది తెలుస్తుంది. ఉన్నవాళ్లని మాత్రమే లెక్కపెడితే ఎప్పటికీ తెలియదు. ఇంకో సంగతి, ఆ ఆరు ఇళ్లలో రెండు ఇళ్లవాళ్లు చెల్లెళ్లని ఏ శిక్షణకీ పంపం అని చెప్పేశారు. ఒక కోర్సు సరిగ్గా జరగకపోతే దాని దెబ్బ తర్వాతి పిల్ల మీద పడుతుంది, అది ఏ రిపోర్టులో రాస్తారు?

మంచి కూడా అలాగే లెక్కలోకి రాకుండా పోతోంది. కుట్టు వదిలేసినవాళ్లలో ఒకమ్మాయి, కోర్సుకి ముందు ఒంటరిగా కాశీనగర్ స్టేషన్‌కి కూడా వెళ్లేది కాదు. కోర్సులో బ్యాంకు ఖాతా తెరిచాం, ఫారాలు నింపించాం, రోజూ రైల్లో వచ్చి వెళ్లేది. ఇప్పుడు వాళ్ల సంఘం లెక్కలు తనే రాస్తోంది, వాళ్ల పేటలో ముసలమ్మల పెన్షన్ కాగితాలు తనే చూస్తోంది. మీ లెక్కలో ఆ పిల్ల ఫెయిల్, ఉద్యోగం రాలేదు కాబట్టి. మైకేల్ స్క్రివెన్ అని, ఇలాంటి కార్యక్రమాలని ఎలా కొలవాలో రాసిన ఒక పెద్దాయన 1972లో ఒక మాట అన్నాడట, కోర్సు కొలవడానికి వెళ్లే మనిషి దాని లక్ష్యాలేమిటో చూడకుండా వెళ్లి, అక్కడి మనుషుల్లో నిజంగా ఏం మారిందో చూడాలి అని. లక్ష్యం కాగితం చేతిలో ఉంటే కళ్లు ఆ కాగితంలో ఉన్నదే వెతుకుతాయి. ఇది చదివినప్పుడు నాకు ఆ సంఘం లెక్కలు రాసే పిల్లే గుర్తొచ్చింది. అలాగని లక్ష్యాలు అక్కర్లేదని నేననను. ఒకరు లక్ష్యం పట్టుకుని చూడండి, ఇంకొకరు అది చూడకుండా వచ్చి చూడండి, రెండు మాటలూ పక్కపక్కన పెట్టండి.

భాష సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది మన గజపతి జిల్లా కేంద్రం పర్లాకిమిడి గడ్డ. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు ఇక్కడే బడిపంతులుగా పనిచేస్తూ, సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని వాళ్ల భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పడానికి పుస్తకాలు రాశారు, బడులు పెట్టారు. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. నాకు ఆ పాత తెలుగు-ఒడియా తగాదాలోకి వెళ్లాలని లేదు, నా పిల్లలు ఒడియా బాగా చదువుతారు, చదవాలి కూడా, ఈ రాష్ట్రంలో బతకాలి కదా. నేనడిగేది చిన్నది. నేర్చుకునే మనిషి దగ్గరికి మనం వాళ్ల మాటతో వెళ్లాలని వందేళ్ల కిందట ఈ ఊళ్లో ఒక పంతులుగారికి తోచింది కదా, ఒక ఫీడ్‌బ్యాక్ కాగితం తెలుగులోనూ సవరలోనూ ఉండడానికి మనకేం అడ్డం? చదవలేనివాళ్లని నోటితో అడగండి. అడిగేది కోర్సు చెప్పిన టీచరు కాకూడదు. నన్ను ముందు కూర్చోబెట్టుకుని నా గురించి ఏ పిల్లా చెడుగా చెప్పదు, చెప్పకూడదని పెంచాం మనం.

2005 నుంచి అసర్ సర్వేవాళ్లు చేస్తున్నది చూడండి. పిల్లల చదువు ఎలా ఉందో చూడడానికి బడికి కాకుండా ఇళ్లకు వెళ్తారు, ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని, అక్షరాలు, మాటలు, చిన్న పేరా, కథ, ఎంతవరకు చదవగలిగితే అంతవరకు చదివిస్తారు. ఆ వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఆ జిల్లాల్లోని మామూలు కుర్రాళ్లే. బరంపురంలో, పర్లాకిమిడిలో, గుణుపూర్‌లో మనకి డిగ్రీ పిల్లలు లేరా? తెలుగు, ఒడియా, సవర మూడూ వచ్చినవాళ్లు ఎంతమంది ఉన్నారు! ఒక్కో బ్యాచ్‌కి ఇద్దరు వెళ్లి, ఆరు నెలలకి ఒకసారి, ఏడాదికి ఒకసారి, ఇళ్ల దగ్గర అరగంట కూర్చుంటే చాలు. ఇప్పుడు ఏం పని చేస్తున్నావు, కోర్సులో నేర్చుకున్నది దేనికి వాడుతున్నావు, ఏది నేర్పి ఉంటే బాగుండేది, ఇది అడిగి రాసుకోవాలి. కుట్టు కోర్సయితే ఒక జాకెట్టు ముక్క ఇచ్చి కుట్టించాలి, వైరింగ్ కోర్సయితే ఒక స్విచ్ బోర్డు విప్పించాలి. ఫోన్ చేసి అడుగుతాం అనకండి, మా పల్లెల్లో ఫోన్ ఇంటి మగవాళ్ల జేబులో ఉంటుంది, ఆ అమ్మాయి మాట మీ దాకా రాదు.

మధ్యలో కూడా ఒకసారి చూడాలి. వంట చేసే మనిషి పులుసు మరుగుతుండగానే ఉప్పు చూస్తుంది, విస్తరి వేశాక చూసి లాభం లేదు. మా బ్యాచ్‌లో మూడో వారానికే నాకు తెలుసు, వీళ్లకి కటింగు కావాలని. పదే పదే అడిగేవాళ్లు. సిలబస్‌లో లేదమ్మా అని నేను తప్పించుకునేదాన్ని. ఆ మూడో వారంలో ఎవరైనా వచ్చి, పిల్లలేం అడుగుతున్నారు అని నన్ను ఒక్క ప్రశ్న వేసి, సాయంత్రం ఒక గంట కటింగుకి ఇచ్చుకోమని ఒక సంతకం పెట్టి ఉంటే సరిపోయేది. ఇప్పటికీ బాధగా ఉంటుంది, సంతకం లేకపోయినా నేనే చెప్పి ఉండాల్సింది.

టీచర్ల తరఫున కూడా ఒక మాట. ఇలా ఇళ్లకి వెళ్లి అడగడం మొదలైతే ఆ కాగితాలు చూపించి మా జీతాలు కోస్తారని, కాంట్రాక్టు తీసేస్తారని భయం ఉంటుంది. నాకూ ఉండేది. ఆ భయం ఉన్నన్నాళ్లూ ఏ టీచరూ నిజం రాయదు, నాలాగే ఐదో గడి చూపిస్తుంది. కాబట్టి మొదటి రెండు మూడేళ్లు ఈ ఫలితాలని కోర్సు సరిచేయడానికి వాడండి, శిక్ష వేయడానికి వాడకండి. అలాగే ఫలితాలు మీ కంప్యూటర్లలో ఉండిపోకూడదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్ పనుల లెక్కలు గ్రామసభ ముందు పెట్టి సోషల్ ఆడిట్ చేయమంది. మన ఒడిశాలో ఊరూరా పల్లిసభ ఉంది, అంటే ఆ ఊరి ఓటర్లందరూ కూర్చునే సభ. ఫలానా కోర్సుకి మన ఊరి నుంచి ఇంతమంది వెళ్లారు, ఇంతమంది ఆ పని చేస్తున్నారు, ఇంతమంది తిరిగొచ్చారు, కారణాలు ఇవీ అని పేర్లు చెప్పకుండా పల్లిసభలో చదవండి. అప్పుడు మా వాళ్లే చెప్తారు, ఇక్కడ ఆపరేటర్ కోర్సు వద్దు, టైలరింగ్ ఇవ్వండి, లేకపోతే మోటారు రిపేరు ఇవ్వండి అని. ఏ కోర్సు పెట్టాలో తేల్చేటప్పుడే మమ్మల్ని అడిగితే ఇంకా మంచిది.

ఆ పెళ్లి జాకెట్టు నేనొక్కదాన్నే కుట్టలేదు. ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, పాత చీర ముక్క మీద మూడుసార్లు కట్ చేయించాక అసలు గుడ్డ మీద తన చేతే కట్ చేయించాను. రెండు ఆదివారాలు పట్టింది. చంక దగ్గర కొంచెం లాగింది, విప్పి సరిచేసుకుంది. ఇప్పుడు వాళ్ల వీధిలో సాదా జాకెట్లు తనే కుడుతోంది, లైనింగు వాటికి ఇంకా నా దగ్గరికి వస్తుంది.

శ్రావణంలో ఇక్కడ కొత్త బ్యాచ్ మొదలవుతుందని విన్నాను. ఈసారి కూడా అదే కోర్సట. మొదటి రోజు నుంచే పైన చెప్పినట్టు చేయడానికి ఇంకా టైం ఉంది. నా నోటుపుస్తకం కావాలంటే ఇస్తాను, పేర్లు తీసేసి వేరే రాసి పెట్టాను. మీలో ఎవరైనా వస్తానంటే ఆ పిల్లలని ముందుగా అడిగి, ఒప్పుకున్నవాళ్ల ఇళ్లకి నేనే తీసుకెళ్తాను. గుణుపూర్ రైలు కాశీనగర్‌లో ఆగుతుంది, స్టేషన్‌కి వచ్చి నిలబడతాను. దొరకని ఆ ఆరుగురిని కూడా కలిసి వెతుకుదాం.

ఇట్లు,
కాశీనగర్ పక్క పల్లె నుంచి
ఒక కుట్టు టీచరు